అవసరం లేనిది కొట్టివేయాలి

మత్స్యశాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఒకరిద్దరు అప్పుడప్పుడూ నా దగ్గరికి వస్తుంటారు. ఏ కాలంలో ఏ చేప ఎంత లోతులో ఉంటుందో చెప్పమంటారు. నాకు తెలిసింది చెబుతాను. అయితే అది నేను శాఖలో నేర్చుకున్నది కాదు. ట్రైనింగులో నేర్చుకున్నది అసలే కాదు. ఒకామెకు ఆ విద్య రాదని సర్కారు కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, ఆ తర్వాత ఆమె దగ్గరే కూర్చుని నేర్చుకున్నాను. వరుస కొంచెం తప్పింది. ఆ సంగతే ఇది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో నేను గద్వాలలో ఫీల్డ్‌మన్‌ని. ధరూర్ వైపు కృష్ణ మీద ప్రాజెక్టు కట్టాక వెనక నీళ్లలో కొన్ని ఊళ్లు మునిగాయి. అలా మునిగిన ఒక ఊరివాళ్లు గట్టు మీద కొత్త కాలనీ కట్టుకుని, పొలాలు పోయాయి కాబట్టి చేపలన్నా పట్టుకుంటామని సొసైటీ పెట్టుకున్నారు. వాన కాలం మొదలయ్యాక సభ్యత్వం కార్డు ఉన్నవాళ్లే నీళ్లలోకి దిగాలి, లేనివాళ్లు దిగితే దొంగతనం కింద లెక్క అని తీర్మానం చేశారు.

కార్డు కావాలంటే వృత్తి నైపుణ్య పరీక్ష ఉంటుంది. పెట్టేది మా శాఖ. మా దగ్గరున్న ఫారంలో మూడు గళ్లు: ఈత, వల విసరడం, వల బాగుచేయడం. వాటి కింద ఒక వరుస, "వృత్తి వచ్చు / రాదు". దాని పక్కన చిన్న అక్షరాల్లో, "అవసరం లేనిది కొట్టివేయాలి". నా పని ఆ రెండు మాటల్లో ఒకదాని మీద గీత గీసి సంతకం పెట్టడం. చూడటానికి చిన్న పని.

జనవరిలో పరీక్ష పెట్టాం. పదకొండు మంది వచ్చారు. పదిమంది మగవాళ్లు, ఒకామె. ఆమెకు యాభై దాటి ఉంటాయి. కాలనీలో అందరూ గాలపామె అంటారు. ఊరు మునిగాక భర్తతో కలిసి వలస పోయి, ఎక్కడెక్కడో కాలువలు తవ్వింది, ఆనకట్టలకు మట్టి మోసింది. భర్త పోయాక, మోకాళ్లు అరిగాక తిరిగి వచ్చింది. గాలంతో చేపలు పట్టి అమ్ముకుని బతుకుతోంది. కార్డు రాకపోతే మళ్లీ తట్ట పట్టుకుని బస్సెక్కాలి. ఆ మోకాళ్లతో తట్ట ఎన్నాళ్లు మోస్తుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆమె నాకు వేరేగా కూడా తెలుసు. మా చర్చి సంఘంలో విశ్వాసురాలు. నేను సంఘపెద్దని. ఆదివారాలు చివరి చాప మీద కూర్చుంటుంది. వారంలో ఆరు రోజులు నన్ను "సారు" అంటుంది, ఆదివారం "అన్నా" అంటుంది. ఈ హద్దు ఆమె ఎప్పుడూ తప్పలేదు.

ఈత పరీక్షలో ఆమె కొంగు నడుముకు బిగించి వెళ్లి, నలుగురు మగవాళ్ల కంటే ముందు తిరిగి వచ్చింది. ఊరి బావిలో నేర్చుకున్నానంది. తర్వాత వల. వల గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడాలి. ఒకతని వల పెళ్లికూతురి ముసుగులాగా అతని నెత్తిమీదే పడింది. అతను సొసైటీ అధ్యక్షుడి బావమరిది. గాలి అడ్డం వచ్చిందని అధ్యక్షుడు అన్నాడు, నేను వచ్చు అని ఉంచాను. ఆమె వంతు వచ్చింది.

"వల నాకు రాదు సారు. గాలం వస్తది."

"ఫారంలో గాలం లేదక్కా."

"చేప ఉన్నది గద?"

చేప కూడా లేదు, నిజానికి. ఫారంలో ఎక్కడా ఆ మాట రాదు. నేను అప్పుడు గమనించలేదు.

అధ్యక్షుడు ఆమెకు మరిది వరస. మంచి వలగాడు, నోరు కూడా వల లాంటిదే. "వదినె, గాలమంటే బాయిల పడ్డ బొక్కెన తీసేది. చేపలు పట్టేది గాదు," అన్నాడు. అందరూ నవ్వారు.

"అవ్ మరిది," అంది ఆమె. "బొక్కెనలు బాయిల జారవిడిసి మీ అమ్మతోటి తిట్లు తిన్నోనివి, నీకు తెల్వకుంటే ఎవలకు తెలుస్తది?"

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. నవ్వుల మధ్యే నేను "వచ్చు" మీద గీత గీశాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ప్రభువు పిలిచిన జాలరులంతా వలవాళ్లేననీ, వలలు విడిచి వెంట వెళ్లారని వాక్యం చెబుతోందనీ, గాలం అంటే పొద్దుపోనివాళ్ల పని అనీ ఆమెకు ఓదార్పుగా చెప్పాను. అది ఓదార్పు ఎలా అవుతుందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆమె విని, గాలం కట్టె భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం పాస్టరుగారు ఊళ్లో లేరు. సందేశం నేనే చెప్పాను. వలల గురించే చెప్పాను. బాగానే చెప్పానని అనుకున్నాను. ఆరాధన అయ్యాక ఆమె చాపలు చుడుతూ పిలిచింది.

"అన్నా, ఒక మాట."

"చెప్పక్కా."

"గుడి పన్ను కట్టమని అడిగినప్పుడు ప్రభువు పేతురుకు ఏం చెప్పిండు?"

"సముద్రానికి వెళ్లమన్నాడు."

"పోయి?"

"మొదట పైకొచ్చిన చేప నోరు తెరిచి చూడమన్నాడు. అందులో నాణెం ఉంటుందన్నాడు."

"నడుమల ఒకటి ఇడిసిపెడుతున్నవన్నా. చేప పైకి ఎట్లొస్తది? ఏం ఎయ్యమన్నడు?"

నేను చాప ఇంకో కొస పట్టుకుని నిలబడ్డాను. "గాలం," అన్నాను.

"మంచిది. పేతురుకు సుత రాదని రాసినవా మరి?"

చాప చుట్టడం అయింది. ఆమె ఇంకో చాప దగ్గరికి వెళ్లింది.

ఆ భాగం నేను చిన్నప్పటినుంచి ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆదివారపు బడిలో పిల్లలకు పలక మీద బొమ్మ వేసి చెప్పాను కూడా. చేప వేసేవాణ్ణి, నోట్లో నాణెం వేసేవాణ్ణి. గాలం ఎప్పుడూ వేయలేదు. నా బొమ్మలో చేప తనంతట తానే నోరు తెరుచుకుని ఒడ్డుకు వచ్చేది. ఆమెకు చదువు రాదు. విన్నది విన్నట్టు పెట్టుకుంటుంది.

సోమవారం మా ఆఫీసరుగారి ముందు నిలబడి తప్పు చేశానని చెప్పాను. ఆయన కోస్తావారు. సముద్రం ఒడ్డున పుట్టి నీళ్లంటే భయపడే మనిషి. తనిఖీలన్నీ ఒడ్డు మీదినుంచే చేసేవారు, కానీ కాగితం మాత్రం చివరిదాకా చదివేవారు. పేతురు సంగతి కూడా విన్నారు.

"పేతురుగారు మన సొసైటీలో మెంబరాండీ?"

"కాదండీ."

"మరి ఆయన్ను వదిలేయండి. ఫారం వెనక్కి తిప్పండి."

తిప్పాను. వెనకవైపు ఒక గడి ఉంది: "ఇతర నైపుణ్యాలు, ఉన్నచో". పదేళ్లుగా ఆ ఫారాలు నింపుతున్నాను. వెనకవైపు ఉందని నాకు తెలియదు.

వానలు పడ్డాక, కార్డులు ఇచ్చేముందు తానే వచ్చి చూస్తానని ఆయన అన్నారు. సాక్షిగా అధ్యక్షుడు ఉండాలి. ఈలోగా నేను ఆమె వెంట ఉండి, అది పనితనమో పిల్లలాటో తేల్చి చెప్పాలి.

అలా ఆరు నెలలు, వీలైన ప్రతి శనివారం షేర్ ఆటోలో ధరూర్ దాకా వెళ్లి, అక్కడినుంచి నడిచి ఆమె పక్కన కూర్చున్నాను. మొదటిరోజే అలవాటు కొద్దీ పాట ఎత్తుకున్నాను.

"పాట రేపు పాడుదాం సారు. చేపలకు కీర్తనలు తెల్వవు."

ఆమె సరంజామా అంతా ఒక వెదురు కట్టె, దారం, జొన్నదంటు బెండు, సైకిలు నట్టు. బెండు దారం మీద పైకీ కిందికీ జరుగుతుంది. చేప ఎంత లోతులో ఉందనుకుంటే ఎర అంత లోతులో వేలాడేలా బెండును జరుపుతుంది. దారానికి నిలువుకొక ముడి వేసి ఉంచింది. నీళ్లు ఎన్ని నిలువుల లోతో ఆ ముళ్లు చెబుతాయి. నట్టు బరువు కోసం.

చలికాలం పొద్దున్నే వెళ్లి ఏం లాభం లేదంది. "చలికి చేప ముసలోళ్ల లెక్క. ఎండ కాడికి వస్తది. నోటి కాడికి ఇస్తెనే తింటది, ఎంటబడి తినదు." మధ్యాహ్నం దాకా ఆగి, ఎండకు కాగిన నల్లరాయి పక్కన, నడుము లోతు నీళ్లలో చిన్న ఎర్రను వేసి, కదపకుండా ఉంచేది. ఎర్ర అంటే వానపాము. నేను ఆగలేక కట్టె కదిపేవాణ్ణి. ఆమె నా చేయి మీద కొట్టేది కాదు. కట్టె తీసుకుని పక్కన పెట్టేది.

ఎండాకాలం తిరగబడుతుంది. తెల్లారి ఒడ్డు దగ్గర మోకాలు లోతులో ఉన్న చేప, పొద్దెక్కేసరికి లోతుకో నీడకో పోతుంది. మునిగిన తుమ్మచెట్ల మోళ్లుంటాయి. ఎర మోడులోకి వేయకూడదు, నీడవైపు పక్కన వేయాలి. చేప పట్టగానే ముందు దాని తల పైకి లేపాలి. లేకపోతే మోడు చుట్టూ తిరిగి దారం తెంపుకుని పోతుంది. అలా నేను తెంపిన గాలాలు మోళ్లకు ఇంకా వేలాడుతూ ఉంటాయి.

ఏప్రిల్‌లో నీళ్లు తగ్గి ఊరి మొండిగోడలు తేలాయి. మోకాలు లోతు బురదలో నడుస్తూ నాకు ఇల్లిల్లూ చూపించింది. "ఇది మా ఇల్లు. పొయ్యి కాడ జెల్ల చేపలుంటయి. ఇది బడి. బడిల ఎప్పుడూ చిన్నయే. ఇది మా మరిది ఇల్లు. దీంట్ల ఏం దొరకది. అప్పుడూ లేకుండె."

"అన్ని ఊళ్లలో ఇంతేనా అక్కా?"

"నేను కట్ట పోసిన కాడల్ల గాలమేసిన సారు. ఆ నీళ్ల కింద సుత ఎవలదో ఒకలది ఊరు ఉంటది. వాళ్ల ఇండ్ల కాడ చేపలు పట్టుకుంట, మా ఇంటి కాడ ఎవలు పడుతున్నరో అనుకునేదాన్ని." అని ముందుకు నడిచింది. "గా పక్కకు మా బాయి. ఇంకా నీళ్లలనే ఉన్నది. గోడ ఇడిగింది, నోరు తెరుసుకొని ఉంటది. వలలు చింపేది అదే."

పిల్లలాట కాదని ఆఫీసరుగారికి చెప్పాను. ఆయన తల ఊపి, "చూద్దాం" అన్నారు.

వానలు పడ్డాయి. వాగు ఎర్రనీళ్లు తెచ్చింది. ఒక శుక్రవారం పొద్దున ఆఫీసరుగారు జీపులో వచ్చి, ఒడ్డున కుర్చీ వేయించుకుని, గొడుగు పట్టుకుని కూర్చున్నారు. పన్నెండింటికి మహబూబ్‌నగర్ మీటింగుకు బయల్దేరాలని ముందే చెప్పారు. మేం ముగ్గురం పుట్టి ఎక్కాం. పుట్టి అంటే తోలు బిగించిన గుండ్రటి బుట్ట పడవ, దానికి ముందూ వెనకా ఉండవు. తెడ్డు అధ్యక్షుడు వేశాడు. నేను ఫారం ప్లాస్టిక్ సంచిలో పెట్టి చొక్కా లోపల దాచుకున్నాను.

తుంగగడ్డి అంచుకు రాగానే నీళ్ల మీద కారంపొడి చల్లినట్టు ఎర్రగా కనబడింది. ఆ ఎరుపు ఉడుకుతున్నట్టు కదులుతోంది. కొరమట్ట చేప పిల్లలు, వేలకు వేలు. వాటి కింద ఎక్కడో తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. అధ్యక్షుడు తెడ్డు ఆపాడు. అందరికీ తెలిసిన సంగతే. పిల్లల మధ్యలో కప్పను వేస్తే పెద్దది వచ్చి కొరుకుతుంది. ఆకలికి కాదు, కోపానికి. గాలంతో అంత సులువుగా పడే చేప ఇంకొకటి లేదు. పెద్దది పోయాక, ఆ పిల్లలను మధ్యాహ్నం లోపల మిగతా చేపలు తినేస్తాయి.

"అదృష్టమే వదినె నీది. ఎయ్యి కప్పను."

ఆమె కట్టె ఎత్తలేదు. "పక్కకు పోనియ్యి."

ఒడ్డునుంచి ఆఫీసరుగారు కేకేశారు. "ఏవమ్మా, అక్కడ చేప ఉందంటున్నారు, పట్టవేం?"

"పిల్లలతోటి ఉన్నది సారు."

"ఎన్నాళ్లుంటుంది అలా?"

"నెల దాకా."

"నేను పన్నెండింటికి వెళ్లాలి."

"పరీక్ష నాకు గద సారు. గా పిల్లలకెందుకు పెడుతవు?"

ఆయన గొడుగు ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నారు. నేను ఆమె వైపు వంగి మెల్లగా అన్నాను: "ఒక్కటే అక్కా. కార్డు పోతుంది."

ఆమె నావైపు చూసింది. "ఇయ్యాల ఏం వారం సారు?"

"శుక్రవారం."

"అందుకే గిట్ల మాట్లాడుతున్నవ్."

అధ్యక్షుడు పుట్టిని పక్కకు తిప్పాడు.

వాగు నోటి దగ్గర కొత్తనీళ్ల వడికి ఎర నిలబడలేదు. తుమ్మమోళ్ల దగ్గర బెండు రెండుసార్లు మునిగింది, రెండుసార్లూ గాలం ఖాళీగా వచ్చింది. ఎర తిని పోయింది ఏదో. పదకొండు దాటింది. అధ్యక్షుడు ఈల వేస్తూ తెడ్డు వేస్తున్నాడు. ఒడ్డున జనం పోగయ్యారు. అతని బావమరిది అందరికంటే ముందు నిలబడ్డాడు.

"బాయి కాడికి పోనియ్యి మరిది."

"ఏడ ఉన్నది వదినె బాయి? చుట్టూ నీళ్లే గద?"

"నేను చెప్త. నువ్వు తెడ్డెయ్యి."

ఆమె ఒకవైపు కాలనీ ట్రాన్స్‌ఫార్మరునూ దాని వెనక గుట్ట మీది గుండురాయినీ ఒక వరసకు వచ్చేలా చూసుకుంది. ఇంకోవైపు రెండు ఈతచెట్లను చూసింది. ఇంకింత, ఇంకింత అంటూ పోయి, "ఆపు" అంది. అక్కడ నీళ్లకూ, మిగతా నీళ్లకూ నాకైతే ఏ తేడా కనబడలేదు. దారం వదిలింది. రెండు ముళ్లు పోయి ఆగింది. తీసి, పుట్టిని మూరెడు జరపమంది. మళ్లీ వదిలింది. రెండు ముళ్లు పోయాయి. మూడు. నాలుగు. ఐదు. అధ్యక్షుడు ఈల ఆపేశాడు.

నేను కళ్లు మూసుకుని ప్రార్థించాను. సందర్భాన్ని బట్టి నాణెం అడగలేదు, చేప చాలన్నాను.

కట్టె వంగింది. ఆమె లాగింది. బరువుగా ఉంది, వాలుగ చేప అనుకున్నాను. అవి లోతు బొరియల్లో ఉంటాయి. కానీ కొట్టుకోవడం లేదు. ఆమె ముఖం చూస్తే అర్థమైంది. ముడి తర్వాత ముడి పైకి వచ్చి, చివరికి నీళ్ల మీదికి తేలింది బొక్కెన. తుప్పు పట్టి ఉంది, అడుగు లేదు. గాలం దాని పిడికి చుట్టిన తీగలో ఇరుక్కుంది.

ఒడ్డున నవ్వులు మొదలయ్యాయి. గాలమంటే బొక్కెన తీసేదని జనవరిలో అన్నమాట అందరికీ గుర్తుంది. బావమరిది గట్టిగా మళ్లీ అన్నాడు కూడా. అధ్యక్షుడు మాత్రం నవ్వలేదు. తెడ్డు పక్కన పెట్టి, బొక్కెన పిడి పట్టుకుని, ఆ తీగ చుట్టును బొటనవేలితో రుద్ది చూశాడు.

"ఇది మా అమ్మ సుట్టింది," అన్నాడు.

"తిట్లు తిన్నది దీనికేనా?" అంది ఆమె.

"దీనికే."

పుట్టి ఒడ్డుకు తిప్పాడు. ఆఫీసరుగారు లేచి నిలబడి బొక్కెనను చూశారు.

"చేపేదండీ?"

"లేదండీ," అన్నాను.

"మరి ఏం వచ్చునని రాస్తాం?"

అధ్యక్షుడు ముందుకొచ్చాడు. "సారు, ఈ నీళ్ల కింద మా ఊరున్నది. ఊర్ల బాయి ఒకటే. దాని నోరు మీ జీపంత సుత ఉండదు. ఆమె నడి నీళ్లల నిలవడి దాని నోట్లె ఏసింది. మేమందరం గా ఊరోళ్లమే. మా వలలన్ని గా గోడకే చినుగుతున్నయి, ఏడ ఉన్నదో మాకు తెల్వదు."

"అంటే?"

"పట్టేటోళ్లం పదిమందిమి ఉన్నం సారు. ఏడ పట్టాల్నో, ఏది పట్టొద్దో తెలిసినోళ్లు లేరు. రాసుకోమనుండ్రి. వచ్చు."

బావమరిది ఏదో అనబోయాడు. "నువ్వు జర ఊకో. నీ వల సంగతి చెప్పాల్నా?" అన్నాడు అధ్యక్షుడు.

ఆఫీసరుగారు గడియారం చూసుకున్నారు. "రాయండి."

జీపు బానెట్ మీద ఫారం పెట్టాను. చొక్కా లోపల ఉన్నా ఒక మూల తడిసింది. వెనకవైపు "ఇతర నైపుణ్యాలు" గడిలో "గాలం" అని రాశాను. ముందువైపు తిప్పాను. "వచ్చు" మీద జనవరిలో గీసిన గీత అలాగే ఉంది. సర్కారు గీతను చెరపకూడదు. అందుకని "రాదు" మీద కూడా గీత గీశాను. ఇప్పుడు రెండూ కొట్టివేసి ఉన్నాయి. ఆ ఫారం ప్రకారం ఆమెకు పని వచ్చూ కాదు, రాదూ కాదు. పైన కొంచెం జాగా ఉంటే అక్కడ చిన్నగా "వచ్చు" అని మళ్లీ రాశాను.

ఆఫీసరుగారు చదివారు. "దిద్దుబాటు ఉన్నచోట చిన్న సంతకం పెట్టండి. తప్పు ఎవరిదో తెలియాలి కదా."

పెట్టాను. మా విశ్వాసంలో తప్పు ఒప్పుకోవడానికి ఒక పద్ధతి ఉంది, శాఖలో ఇంకొకటి ఉంది. ఆ రెండూ ఒకే వేళకు, ఒకే కలంతో జరగడం నాకు అదే మొదలు.

ఆమెకు కార్డు వచ్చింది. పిల్లలు పెట్టిన కొరమట్ట జోలికి వెళ్లకూడదని సొసైటీ ఆ ఏడే తీర్మానం చేసింది. అందరూ పాటించారని చెప్పలేను. బొక్కెన అధ్యక్షుడు తీసుకుపోయాడు. అడుగు లేని బొక్కెన ఏం చేసుకున్నాడో నేను అడగలేదు. ఆ ఆదివారం ఆమె "అన్నా" అని పలకరించి, పలక మీద ఈసారి గాలం వెయ్యమంది. వేశాను. బొమ్మ బాగా రాలేదు, పిల్లలు అది కొడవలి అనుకున్నారు.

తర్వాత తిమ్మాజిపేట వైపు బదిలీ అయింది, నాగర్‌కర్నూలులో రిటైరయ్యాను. ఇంకా చాలా ఫారాలు నింపాను. ప్రతిదాన్నీ వెనక్కి తిప్పి చూశాను, చాలావాటికి వెనక ఏమీ లేదు. గద్వాల ఆఫీసులో ఆ కట్ట ఇంకా ఉంటే తీసి చూడండి. పదిమంది ఫారాల మీద నా సంతకం ఒక్కోటే ఉంటుంది, ఆమె ఫారం మీద రెండు ఉంటాయి. ఆ పదింటిలో ఒకదాని మీద కూడా రెండు ఉండాల్సింది. గాలి అడ్డం వచ్చింది.